కారణ మెఱుగని స్వస్థత

యంత్ర మొకటి ఆగిపోయినప్పుడు మన యిండ్లలో మొట్టమొదట పుట్టు ప్రశ్న "ఎవరు ముట్టుకొన్నారు?" అనునది. కుట్టుమిషను దారము తెంపినను, రుబ్బురోలు మోటారు బిగిసినను, నీళ్లమోటారు మూల్గి నిలిచినను ప్రశ్న యిదియే. "ఏమి జరిగినది?" అను ప్రశ్న రెండవది, పెక్కుమాఱులు అది రానే రాదు. ఏలయన మొదటి ప్రశ్నకు సమాధానముగా ఇంటిలో నెవరో యొకరు, సామాన్యముగా కోడలో పిల్లవాడో, దొరకుదురు. దొరకిన పిమ్మట అందఱి మనస్సులును నిమ్మళించును. యంత్రము మాత్రము అట్లే యుండును.

ఇంతకంటె అపాయకరమైన సందర్భ మింకొకటి కలదు. అది, ఆగిన యంత్రము తనంత తాను మఱల తిరుగుట. అప్పుడు మొదటి ప్రశ్నయు లేదు, రెండవ ప్రశ్నయు లేదు. "పోనిండు, బాగైనది గదా" యని యందఱును తమతమ పనులకు పోవుదురు. కారణము తెలియక వచ్చిన జబ్బుకంటె కారణము తెలియక పోయిన జబ్బే యెక్కువ భయంకరమని మా యభిప్రాయము. దీనిని చిన్న విమానముల ఇంజనులు బలము కోల్పోవు విషయముతో నిరూపింప దలచితిమి. పల్లెటూరి బడిపంతులునకు విమానములతో నేమి పని యని చదువరులు నవ్వవచ్చును. ఆ పని యెట్లు కలిగినదో ముందు చెప్పెదము.

మాది చెవిటికల్లు. 2022 లో జిల్లాల విభజన జరుగువఱకు కృష్ణాజిల్లాలో చేరియుండిన నందిగామ, జగ్గయ్యపేట మెట్ట ప్రాంతములోనిది. మిరప, ప్రత్తి చేలకు నీరు తోడుచు ఆయిలింజనులు దడదడ కొట్టుకొనుచుండిన దినములు మాకు బాగుగా జ్ఞాపకము. నేడు విద్యుత్తు మోటారులు వచ్చినవి గాని, ఆ యింజనుల వైద్యమును చూచుటయే మాకు యంత్రశాస్త్రమున ఓనమాలు. ఇంజను నీరసించినప్పుడు రైతు దానికి క్రొత్త నిమ్మకాయ కట్టెడివాడు. కంచికచర్లనుండి వచ్చిన మేస్త్రీ ఆ నిమ్మకాయను కదల్పక, దాని ప్రక్కనే కూర్చుండి పొగ రంగు చూచెడివాడు. నల్లని పొగయైనచో గాలి చాలలేదనియో నూనె మించినదనియో ఊహించెడివాడు. దడదడలో తాళము తప్పినచో నూనె గొట్టములో గాలి చేరినదని, మఱను వదులుచేసి దానిని వెడలగొట్టెడివాడు. దీనినే "గాలి తీయుట" యనెడివారు. ఆ మేస్త్రీకి అక్షరములు రావు. అయినను అతడు చేసినది తర్కమే. పొగను జూచి నిప్పు నూహించుట తర్కపాఠములో మొదటి యుదాహరణము. పొగ రంగును జూచి నిప్పులోని లోపమును ఊహించుట దానికి పై తరగతి.

మా పాఠశాలలో చదివిన బాలిక యొకతె, మిరప రైతు కుమార్తె, బ్యాంకులో ఋణము తీసికొని వేఱొక రాష్ట్రమున నొక విమానశిక్షణాలయమున జేరెను. ఆమె యెక్కునది సెస్నా 152 అను రెండు పీటల విమానము. 1977 మొదలు 1985 వఱకు తయారైన ఈ విమానములు నేటికిని పెక్కు దేశములలో విద్యార్థులకు తొలి గుఱ్ఱములుగా నున్నవి. ఇంజను బలము 110 అశ్వశక్తి. మన రోడ్లమీద తిరుగు కారుల బలమునకు మించినది కాదు.

వానకాలమున ఒకనాటి యుదయము, రాత్రి కురిసిన వాన వెలసిన వేళ, ఆమె యొంటరిగా నెగిరి, అభ్యాసము ముగించుకొని, ఇంజను వేగము తగ్గించి క్రిందికి దిగుచుండెను. దిగుట చాలించి మఱల బలము పెంపబోగా ఇంజను వణకెనే గాని బలము పుంజుకొనలేదు. కొన్ని క్షణము లట్లు గడచినవి. విమాన మింకను క్రిందికి జాఱినది. అంతట ఇంజను ఒక్కమాఱు దగ్గినట్లు చేసి పూర్వమువలెనే తిరుగసాగెను. ఆమె క్షేమముగా దిగినది. మెకానిక్కులు ఆ యింజనును నేలమీద అరగంట నడపి చూచిరి. ఏ లోపమును కానరాలేదు. పుస్తకములో అట్లే వ్రాసిరి. బాలికతో మాత్రము, ఒంటరిగా నెగురు క్రొత్తలో భయముచేత ఇట్టి భ్రమలు కలుగుట సహజమనిరి.

ఆమె తల్లి మా యరుగుమీదికి వచ్చి కూర్చుండి, "మాస్టారండీ, పిల్ల ఎక్కిన విమానం గాల్లో నీరసపడిందంటండీ. అది ఆగిపోతే నా బిడ్డ ఏమైపోవాలండీ? మా బావగారేమో వెంటనే తీసుకొచ్చేయమంటున్నారు" అని కన్నీరు పెట్టుకొనెను. ఊరిలో అప్పటికే తీర్పులు వెలువడినవి. ఒకరు దిష్టి యనిరి. ఒకరు ఆడుపిల్లకు ఆకాశ మేల యనిరి. ఇంకొకరు ఋణము తీర్చు దారి చూడుమనిరి. శిక్షణాలయమువారి తీర్పు "భయము" అనునది మీకు ముందే చెప్పితిమి. ఆలోచించి చూడగా మా యూరివారికిని ఆ విద్యావంతులకును భేద మెంతయు లేదు. ఉభయులును యంత్రమును విడిచి బాలికను పరీక్షించిరి.

మేము ఆ తల్లికి మొదట చెప్పినది, ఇంజను ఆగినంతమాత్రమున విమానము రాయివలె పడదని. కృష్ణమీద తిరుగు గ్రద్ద ఱెక్క ఆడింపకయే ఎంత దూరము జారునో ఆమె నిత్యము చూచునదే. సెస్నా 152 కూడ, గంటకు 60 నాటికల్ మైళ్ల వేగమును తప్పనీయక నిలుపుకొన్నచో, వేయి యడుగుల యెత్తునుండి గాలి లేని దినమున రెండున్నర కిలోమీటర్ల వఱకు జాఱుచు పోగలదు. అందుచేతనే శిక్షకులు విద్యార్థులకు నేర్పు క్రమ మిది: ముందు విమానమును అదుపున నుంచుకొనుము, పిదప దిగదగిన చదును చూచుకొనుము, ఆ పిమ్మటనే కారణము వెదకుము. ఆ బాలిక అదుపు తప్పలేదు. భ్రమపడినవారు అట్లు దిగజాలరు. ఈ మాటతో తల్లి కొంత ఊఱడిల్లినది. కాని కారణము దొరకనిదే ఆ యూఱట నిలుచునది కాదని మా కిద్దఱికిని తెలియును. నాటి రాత్రియే బాలికకు వ్రాసితిమి. ఆమెయు మేమును వారముల తరబడి చేసిన ప్రశ్నోత్తరముల సారమే క్రింది విషయము.

విమానపు ఇంజనైనను మిరపచేని ఇంజనైనను బలమునకు కావలసినవి స్వల్పమే. మండుటకు ఇంధనము, మండించుటకు గాలి, సమయమునకు నిప్పు, మండిన వాయువును జాఱనీయని బిగువు. డీజిల్ ఇంజనులో నొక్కబడిన గాలి వేడియే నిప్పు పని చేయును. పెట్రోలు ఇంజనునకు వేఱుగా నిప్పురవ్వ కావలెను. భేద మింతే.

ఇంధనమునకు మొదటి శత్రువు నీరు. సగము నిండిన టాంకులో రాత్రి చల్లదనమునకు గాలిలోని తేమ బొట్లు కట్టును. వాననీరు మూత సందున దిగును. నీరు పెట్రోలుకంటె బరువు గనుక అడుగున జేరును. ఇంజనునకు ముందుగా పోవునదియు నదియే. అందుచే ప్రతి యుదయమును టాంకు అడుగునుండి కొంచెము గాజు గొట్టములోనికి వంచి చూతురు. ఈ విమానములలో సాధారణముగా వాడు పెట్రోలునకు నీలిరంగు కలిపియుందురు. నీరు కొంచెమైనచో అడుగున వేఱు పొరగా కానవచ్చును. గొట్టమంతయు నీరే యైనచో పొర యుండదు; మిక్కిలి నిర్మలముగా నుండును. నిర్మలముగా నున్నది గదా యని సంతోషించువాడు మోసపోవును. రంగేది యని యడుగువాడు బ్రదుకును. రెండవ శత్రువు మూసికొనిన గాలిరంధ్రము. నూనె డబ్బాకు ఒకే రంధ్రము చేసినచో నూనె ఆగి ఆగి పడుననియు, ఎదుట రెండవ రంధ్రము చేసినంతనే ధారగా పడుననియు మన గృహిణు లందఱు నెఱుగుదురు. విమానపు టాంకునకును అట్టి రంధ్ర ముండును. దానిని మూయుటకు మట్టిగూడు కట్టు కందిరీగ యొకటి చాలును.

గాలి విషయమున, ఇంజను నిర్దోషియై యుండియు బలహీనముగా కన్పట్టు సందర్భము కలదు. కృష్ణకు ఆవలి యొడ్డున పల్నాటిలోని రెంటచింతల వేసవి యెండకు పేరుపడినది. మా వైపు ఎండయు దానికి చెల్లెలే. ఒత్తిడి సమానముగా నున్నచో, 15 డిగ్రీల గాలికంటె 45 డిగ్రీల గాలి నూటికి 9 వంతులు పలుచన. ఇంజను ప్రతి గ్రుక్కలోను అంత తక్కువ గాలి త్రాగును; ముందఱి పంకాకును ఱెక్కలకును గూడ పట్టు తగ్గును. అట్టి మధ్యాహ్నమున విమానపు పరుగు పొడుగైనచో ఇంజనును విప్పుట వ్యర్థము. ఎండ తగ్గువఱకు ఆగుటయే వైద్యము.

నిప్పు విషయమున విమాననిర్మాతలు చూపిన వివేకము మాకు మిక్కిలి ప్రీతికరము. ప్రతి సిలిండరునకును రెండు ప్లగ్గులు. వానికి నిప్పు నిచ్చు మాగ్నెటోలును రెండు. ఎగురుటకు ముందు ఇంజనును నిమిషమునకు 1700 చుట్లు తిరుగనిచ్చి, ఒక మాగ్నెటోను ఆపి చూతురు. దానిని మఱల కలిపి రెండవదానిని ఆపి చూతురు. సెస్నాలో ఒక్కొక్కటి ఆపినప్పుడు చుట్లు 125 కు మించి తగ్గరాదు. రెండు తగ్గుదలల నడుమ భేదము 50 కి మించరాదు. చిత్ర మేమన, ఏమియు తగ్గకపోవుటయు సందేహింపదగినదే. ఆపితి మనుకొన్న మాగ్నెటో నిజముగా ఆగలేదేమో చూడవలెను. మన శాస్త్రకారులు దీనినే అన్వయ వ్యతిరేకము లనిరి. ఇది యున్నప్పు డది యుండుట అన్వయము. ఇది లేనప్పు డది లేకుండుట వ్యతిరేకము. ఇంగ్లండులో జాన్ స్టువర్టు మిల్లు 1843 లో ప్రకటించిన తర్కగ్రంథమునందు ఇట్టి పద్ధతులనే విడివిడిగా వివరించెను. మా మేస్త్రీయు, నైయాయికులును, మిల్లును ఒకే త్రోవను నడచుట చూడగా సత్యమునకు కులదేశభేదములు లేవని తోచును.

ఇక బిగువు. చదరపు అంగుళమునకు 80 పౌనుల ఒత్తిడితో గాలి నిచ్చి, సిలిండరులో ఎంత నిలుచునో చూచి దీనిని కొలుతురు. కవాటము కాలినను, పిస్టను వలయము లరిగినను గాలి జాఱిపోవును. ఈ దోషము వచ్చిన పిమ్మట తనంత తాను పోదు.

మా శిష్యురాలు ఈ ద్వారములను ఒక్కొక్కటిగా మూసికొనుచు వచ్చినది. ఎగురకముందు తీసిన పెట్రోలు నీలముగా నున్నది. దిగిన పిమ్మట తీసినదియు నట్లే. టాంకు గాలిరంధ్రము తెఱచియే యున్నది. మాగ్నెటోల తగ్గుదల ముందును వెనుకను హద్దులోనిదే. బిగువు పోయి మఱల వచ్చునది కాదు. పిదప ఆమె ఆ విమానపు పాత పుస్తకములు తిరుగవేయగా, ఇట్టి ఫిర్యాదులే పూర్వము రెండు కనబడినవి. రెంటికిని "నేలమీద లోపము లేదు" అనియే సమాధానము. రెండును వానకాలపు ఉదయములందే జరిగినవి. రెండును వేగము తగ్గించి దిగునప్పుడే. ఎండకాలపు పొడి మధ్యాహ్నములలో ఒక్కటియు లేదు. అన్వయమును వ్యతిరేకమును ఆ చినిగిన పుటలలోనే పడియున్నవి. చదివినవారే లేకపోయిరి.

మిగిలిన దొక్కటే, గాలి లోనికి పోవు త్రోవ. అచ్చట కార్బురేటరు అను గొంతుక కలదు. గాలి ఆ యిఱుకున వేగముగా పోవుచు వ్యాకోచించి చల్లబడును. పెట్రోలు అందులో ఆవిరియై ఇంకను చల్లబఱచును. తడిగుడ్డ చుట్టిన కూజాలో నీరు చల్లబడుటకు ఏది కారణమో ఇదియు నదియే. ఆవిరియగు ద్రవము తనకు కావలసిన వేడిని ప్రక్కనున్నవాని నుండి లాగుకొనును. ఈ రెండింటిచేతను గొంతులోని వేడిమి 33 నుండి 39 డిగ్రీల వఱకు పడిపోవచ్చును. అనగా బయట 27 డిగ్రీలున్నను లోపల సున్నకు దిగువ. అప్పుడు గాలిలోని తేమ అక్కడ మంచుగా పేరుకొని గొంతును మూయును. 38 డిగ్రీల యెండలో, నూటికి 50 వంతుల తేమలో గూడ ఇది జరుగవచ్చునని అమెరికా విమానశాఖవారి పాఠ్యగ్రంథము హెచ్చరించుచున్నది. దిగునప్పుడు గొంతులోని తలుపు చాలవఱకు మూసియుండును గనుక అపాయ మధికము. ఉష్ణదేశమున మంచేమిటని నవ్వువారు బయటి గాలిని చూచి నవ్వుదురు. మంచు పుట్టునది లోపల. ఇందలి గొప్ప మోస మేమన, విమానము నేలకు దిగి మెకానిక్కు వచ్చునప్పటికి ఆ మంచు కరగిపోవును. నేరము జరిగిన చోట సాక్ష్యము మిగులదు. మిగులునది ఎగిరినవారి మాట యొక్కటే. ఆ మాట ఆడుపిల్లదైనచో దానిని "భయము" అనుట సుళువు.

దీనికి వైద్యము విమానములోనే కలదు. ఒక పిడిని లాగినచో, పొగగొట్టము ప్రక్కన వేడెక్కిన గాలి కార్బురేటరులోనికి పోవును. వేడిగాలి పలుచన గనుక చుట్లు మొదట కొంత తగ్గును. మంచు ఉన్నచో, అది కరగి నీరై ఇంజనులోనికి పోవునప్పుడు ఇంజను మఱింత వణకును కూడ. తెలియనివాడు మందు వికటించినదని పిడిని వెంటనే నెట్టివేయును. తెలిసినవాడు ఓర్చుకొనును. మంచు పోయిన పిమ్మట చుట్లు తగ్గినచోటినుండి మఱల పెరుగును. ఆ పెరుగుటయే మంచు ఉండినదనుటకు ఋజువు.

బాలిక ఈ సంగతులన్నియు రెండు పుటలలో వ్రాసి ఇచ్చినది. ఆ శిక్షణాలయమున వయస్సు మీఱిన శిక్షకు డొకడు దానిని శ్రద్ధగా చదివి, అట్టి వాన వెలసిన యుదయముననే ఆమెతో ఎగిరెను. వేగము తగ్గించి దిగుచుండగా చుట్లు మెల్లగా జారసాగినవి. పిడి లాగిరి. ఇంజను వణకెను, తగ్గెను, పిమ్మట తేటపడి పైకి లేచెను. ఆ మఱునాటినుండి అచ్చట వేగము తగ్గింపకముందే వేడిగాలి పిడిని లాగవలెనను నియమము గోడమీద వ్రాసి కట్టిరి. తల్లి బిడ్డను వెనుకకు పిలువలేదు.

ఇట్టి సంకటము క్రొత్తవారికే వచ్చునని యెవరును తలపరాదు. 1927 మే నెలలో చార్లెస్ లిండ్‌బర్గు శాండియాగో నుండి సెయింట్ లూయిస్‌నకు రాత్రివేళ కొండలమీదుగా పోవుచుండగా అతని ఇంజను తడబడి బలము కోల్పోయెను. పిదప మఱల కుదుటపడెను. కుదుటపడినది గదా యని అతడు ఊరకుండలేదు. కార్బురేటరులో మంచు పట్టియుండునని యూహించి, న్యూయార్కులో దానికి వేడిగాలి సాధనము నమర్పించుకొని, ఆ నెల 20 న బయలుదేరి 33½ గంటలలో అట్లాంటికు దాటి పారిసు చేరెను. లోకము ఆ 33½ గంటలను పొగడును. మేము ఆ సాధనమును అమర్పించుకొన్న పూటను పొగడుదుము.

ఇది ఒక్క బాలిక కథయే యైనచో ఇంత దూరము వ్రాయకపోదుము. మన తెలుగునేలమీదనే, హైదరాబాదు దాపున దుండిగల్లులో భారత వైమానికదళపు అకాడమీ కలదు. అచ్చట తొలి శిక్షణకు హెచ్.పి.టి.-32 "దీపక్" అను విమానమును వాడిరి. హిందూస్థాన్ ఏరోనాటిక్సువారు రూపొందించిన ఈ విమానము 1977 లో మొదట ఎగిరి, 1984 లో దళమున ప్రవేశించెను. ఇంజను 260 అశ్వశక్తిది. గాలిలో ఇంజను ఆగిపోవుట దీనికి అపకీర్తి తెచ్చినది. సెస్నాలో ఱెక్క నెత్తిమీద నుండుటచే పెట్రోలు తన బరువుననే ఇంజనునకు దిగును. దీపక్‌నకు ఱెక్క దిగువ నున్నది. అట్టి విమానములలో ఱెక్కలోని పెట్రోలును తోడి పంపవలెను. ఆ ధార ఏ కారణముచే తెగినను ఇంజను దాహముతో నిలుచును. 2009 జూలై 31 న మెదకు జిల్లాలో నొక దీపక్ కూలి ఇద్దఱు శిక్షకులు మరణించిరి. గమనింపుడు: వారు శిక్షకులు, శిష్యులు కారు. భయపడిరను మాట వారిపట్ల చెల్లదు. ఆ పిమ్మట దీపక్ విమానము లన్నింటిని నేలమీద నిలిపివేసిరి. అప్పటికి పత్రికలు ప్రకటించిన లెక్క 17 ప్రమాదములు, 19 మంది మృతులు. 2012 లో స్విట్జర్లాండునుండి 75 పిలాటస్ విమానములకు ఒప్పందము జరిగి, 2013 లో వానితో శిక్షణ మొదలైనది. స్వదేశమున తయారైన హెచ్.టి.టి.-40 అను విమానము 2016 లో మొదట ఎగిరెను. 2023 మార్చిలో 70 విమానములకు ఒప్పందము కుదిరినది.

ప్రవేశించినది 1984 లో, నిలిపినది 2009 లో. ఈ యిరువదియైదేండ్లలో ఆగిన ఇంజనులు మఱల తిరిగిన దినములును ఎన్నియో యుండవలెను. తిరిగిన ప్రతిమాఱును ఒక హెచ్చరికయే. హెచ్చరికను శుభవార్తగా చదువుకొన్న కుటుంబమునకైనను, దేశమునకైనను మూల్యము తప్పదు.

బిడ్డలను ఇట్టి విద్యలకు పంపు తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. ఏదేని అవాంతరము జరిగినట్లు వినినప్పుడు "బాగైనదా?" అని మాత్రమే అడిగి ఊరకుండకుడు. మూడు ప్రశ్న లడుగుడు. కారణము దొరకినదా? దొరకినది కాగితముమీద వ్రాసిరా? దొరకువఱకు ఆ యంత్రమును ఎక్కనీయక ఆపిరా? మూడింటికిని అవునను సమాధానము వచ్చినచో నిశ్చింతగా నుండుడు. "ఇప్పుడు బాగుగానే యున్నది" అను సమాధానము వచ్చినచో మాత్రమే భయపడుడు. మా వృత్తిలోను ఇది చెల్లును. నిన్నటివఱకు చుఱుకుగా నుండిన పిల్ల యొకతె తరగతిలో తూగుచున్నచో బద్ధక మనుట సుళువు. తెల్లవారుజామున మిరపకాయ కోతకు పోయి వచ్చినదేమో, ఏమి తిని వచ్చినదో, పలకమీది అక్షరములు కంటికి ఆనుచున్నవో లేవో విచారించుటయే ఉపాధ్యాయుని పని.

విచారించుట అలవాటు కావలెను. అలవాటు ఇంటిలోనే పుట్టవలెను. నీళ్లమోటారు ప్రక్కన మేకునకు ఒక చిన్న పుస్తకము వ్రేలాడదీయుడు. అది ఆగిన దినము, ఆనాటి యెండ వానలు, మేస్త్రీ విప్పి చూపిన లోపము, చేసిన వైద్యము అందు వ్రాయుడు. తనంత తాను తిరిగిన దినమును ఎఱ్ఱసిరాతో వ్రాయుడు. ఆ వ్రాయు పనిని, మేస్త్రీ ప్రక్కన నిలిచి ప్రశ్నలడుగు పనిని, ఇంటి యాడుపిల్లకు అప్పగింపుడు.